చెరలో పుట్టిన పాటను ఎవరి యెదుట పాడాలి?



137వ కీర్తన మనలో చాలామందికి కంఠస్థమే. బబులోను నదుల ఒడ్డున కూర్చున్న చెరవారిని, వారిని చెరపట్టినవారే సీయోను పాట ఒకటి పాడమని అడుగుతారు. చెరవారు పాడరు. తమ సితారాలను నిరవంజి చెట్లకు తగిలించి ఊరకుంటారు. ఈ కీర్తన చదివేటప్పుడు మనము సాధారణంగా వారి దుఃఖం మీదనే మనస్సు నిలుపుతాము. అయితే ఆ దుఃఖం లోపల ఒక ధర్మసందేహం కూడా ఉన్నది. అడిగినవాడు పీడించినవాడు. అతనికి కావలసినది కాసేపు కాలక్షేపం. పాడితే పరిశుద్ధమైన పాట పరిహాసమైపోతుంది. పాడకపోతే ఆ పాట గొంతులోనే ఎండిపోతుంది. చెరలో పుట్టిన బిడ్డలు దానిని ఎన్నడూ వినరు. ఈ రెండింటిలో ఏది ధర్మం?

ఈ ప్రశ్న బబులోనుతో తీరిపోలేదు. అమెరికాలో దాసులుగా బ్రతికిన ఆఫ్రికా సంతతివారి బిడ్డలకు, మనుమలకు ఇదే ప్రశ్న మళ్ళీ ఎదురైంది. ఆ మనుమల తరంలో సంగీతకర్తగా, కవిగా, వ్యాసకర్తగా పేరుపొందిన రాబర్ట్ నథానియేల్ డెట్ గారు తమ పని అంతటితోను ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పారు. ఆ జవాబు సరియైనదా కాదా అన్నది ఆయన కాలంలోనే వాదమైంది. ఆయన జీవితాన్ని మీ ముందుంచి, ఆ వాదంలో మాకు తోచినది చెప్పాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఆ పాటలు

స్పిరిచ్యువల్స్ అని పిలువబడే ఆ పాటలను కట్టినవారి పేర్లు మనకు దొరకవు. దాసులకు చదువు నేర్పడం నేరమని అనేక దక్షిణ రాష్ట్రాలు చట్టం చేసిన కాలమది. యజమానుల కంటబడకుండా రాత్రివేళ చెట్ల చాటున చేరి ప్రార్థించుకొన్నవారు, పొలంలో పనిచేస్తూ ఒకరి పాటకు ఒకరు బదులు పలికినవారు వాటిని కట్టుకొన్నారు. మోషే, దానియేలు, యొర్దాను నది, యెరికో గోడలు ఆ పాటల నిండా ఉన్నాయి. బైబిలు చదువనేరని జనం చెవితో విని, నోటితో నిలుపుకొన్న బైబిలు అది.

దాసులు పాడుతున్నారు గనుక వారు సంతోషంగా ఉన్నారని యజమానులు చెప్పుకొనేవారు. దాసత్వంలో పుట్టి తప్పించుకొన్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన ఆత్మకథ అచ్చువేసినప్పుడు ఈ మాటను గట్టిగా ఖండించాడు. ఆ పాటలు సంతోషానికి గుర్తు కావనీ, బరువెక్కిన హృదయం కన్నీటితో తేలికపడినట్లు పాటతో తేలికపడుతుందనీ ఆయన వివరించాడు. అయినా యజమానుల మాటే ఎక్కువకాలం చెలామణి అయింది. 1830ల నుండి తెల్లవారు ముఖానికి మసి పూసుకొని, నల్లవారి మాటను, పాటను, నడకను వెక్కిరిస్తూ ఆడే నాటకాలు ఊరూరా ప్రసిద్ధమయ్యాయి. దాసుల పాట అంటే నవ్వులాట అని ఒక దేశమంతా అలవాటు పడిపోయింది.

1865లో దాసత్వం చట్టప్రకారం పోయింది. ఆ పాటల మొదటి పెద్ద సంపుటి 1867లో అచ్చయింది. దానిని కూర్చిన తెల్లవారు, ఆ గొంతుల మలుపులను తమ స్వరలిపి పట్టుకోలేదని ఒప్పుకొన్నారు. మన కీర్తనల గమకాలను పాశ్చాత్య స్వరలిపిలో వ్రాయబోయినవారికి ఆ కష్టం ఏమిటో తెలుస్తుంది. 1871లో టెనెస్సీ రాష్ట్రంలోని ఫిస్క్ కళాశాల విద్యార్థులు అప్పులలో మునిగిన తమ కళాశాల కోసం ఊరూరా ఈ పాటలు పాడుతూ బయలుదేరారు. వారి వెనుక 1873లో వర్జీనియాలోని హాంప్టన్ పాఠశాల విద్యార్థులు బయలుదేరారు. హాంప్టన్‌లోని వర్జీనియా హాల్ అనే భవనం పాటలతో కట్టిన భవనమని పేరు. అమ్మమ్మల కన్నీళ్ళు మనుమలకు ఇటుకలయ్యాయి. అది మంచి పనే. కాని ఆ ఇటుకలకు డబ్బిచ్చిన ధనవంతులకు ఆ పాటలు వినాలనే కోరిక కూడా అక్కడే స్థిరపడింది. అప్పటినుండి హాంప్టన్‌కు అతిథి వస్తే విద్యార్థులు పాత పాటలు పాడవలసిందే.

నది అవతల పుట్టినవాడు

డెట్ గారు 1882 అక్టోబరు 11న కెనడా దేశంలో, నయాగరా జలపాతం దగ్గర డ్రమండ్‌విల్ అనే ఊరిలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు నయాగరా ఫాల్స్ పట్టణంలో కలిసిపోయింది. అమెరికాలో దాసత్వం నుండి పారిపోయినవారు ఆ నది దాటితే చాలు, యజమాని చేతికి దొరకరు. అలా దాటివచ్చినవారు, వారి సంతతివారు స్థిరపడిన ఊళ్ళలో అది ఒకటి. అక్కడ వారికి తమ సొంత ఆలయం ఉండేది. డెట్ గారు చిన్నతనంలో ఆ ఆలయంతో పెరిగారు. తల్లి ఆయన చేత బైబిలు భాగాలను, షేక్స్‌పియర్, టెనిసన్ పద్యాలను వల్లెవేయించేది. ఇంట్లో అమ్మమ్మ ఉండేది. ఆమె పాత దాసుల పాటలు పాడుకొనేది.

ఆ పిల్లవానికి ఆ పాటలు నచ్చలేదు, వింతగా తోచాయి. నది ఇవతలి ఆలయాలలో పుస్తకంలో అచ్చయిన ఆంగ్ల కీర్తనలు పాడేవారు. పాత పాటలు పాత కాలపు అవమానాన్ని గుర్తుచేసేవి. చెర నుండి బయటపడిన జనం చెరలోని పాటను ఆలయపు గడప బయటనే విడిచిపెట్టడం అర్థం కాని సంగతి కాదు. బిడ్డలు తలెత్తుకొని బ్రతకాలని ఏ తల్లిదండ్రులకు ఉండదు?

1893లో కుటుంబం నది దాటి న్యూయార్క్ రాష్ట్రపు వైపుకు వచ్చింది. డెట్ గారు హోటల్లో సామాన్లు మోసే కుర్రవానిగా పనిచేస్తూ పియానో నేర్చుకొన్నారు. 1900లో ఆయన మొదటి రచన అచ్చయింది. అది ఆనాటి కేక్‌వాక్ నృత్యపు బాణీ. 1903లో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కళాశాలలో చేరారు. నల్లజాతి విద్యార్థులను 1835 నుండే చేర్చుకొన్న కళాశాల అది. 1908లో పియానోను, సంగీత రచనను రెండింటినీ ముఖ్యాంశాలుగా చదివి అక్కడ సంగీత పట్టా పొందారు. ఆ విధంగా పట్టా పొందిన మొదటి నల్లజాతివాడు ఆయనే.

ఓబర్లిన్‌లో ఉండగానే ఆయన జీవితంలో ముఖ్యమైన సంగతి జరిగింది. క్నైజెల్ అనే పేరుగల నలుగురు తంత్రీవాద్యకారుల బృందం కళాశాలకు వచ్చి, చెక్ దేశపు సంగీతకర్త ద్వోర్జాక్ రచన ఒకటి వాయించింది. ద్వోర్జాక్ 1892 నుండి 1895 వరకు అమెరికాలో ఉన్నాడు. ఈ దేశపు సంగీతానికి పునాది నల్లవారి పాటలలో ఉన్నదని 1893లో బహిరంగంగా చెప్పి చాలామందిని ఆశ్చర్యపరచినవాడు. ఆ రచనలోని నెమ్మదైన భాగం వింటుండగా డెట్ గారికి ఎన్నడో చనిపోయిన అమ్మమ్మ గొంతు మళ్ళీ వినిపించినట్లయింది. ఆ పాటలు ఆమెకు ఎందుకు అంత నెమ్మది నిచ్చాయో ఆ క్షణంలో తెలిసిందని ఆయనే తరువాత వ్రాశారు.

పాఠకులు ఇక్కడ కొంచెం ఆగాలని మా మనవి. అమ్మమ్మ ఇంట్లో, ప్రక్కనే కూర్చుని పాడినప్పుడు వినిపించనిది, ఎక్కడో యూరపులో పుట్టిన పరాయివాని సంగీతంలో వినిపించింది. మనవాటి విలువ పరాయివాడు చెబితే గాని తెలియదని దీనిని చులకన చేయవచ్చు. మాకు అలా తోచలేదు. అమ్మమ్మ పాటకు, మనుమని చెవికి మధ్య ఒక వెక్కిరింపు అడ్డం నిలిచింది. మసి పూసుకొన్న నాటకగాళ్ళు నిలిపిన గోడ అది. ఆ గోడ లేని చోటినుండి వచ్చిన రాగం మాత్రమే ఆ పిల్లవాని చెవికి సూటిగా చేరగలిగింది. కాబట్టి సిగ్గుపడిన బిడ్డను దోషి అనలేము. సిగ్గును నేర్పినవాడే దోషి. అయితే పాట అర్థం తెలిసిన తర్వాత ఏమి చేయాలన్నది మాత్రం ఆ బిడ్డ బాధ్యతే.

హాంప్టన్‌లో ఆయన పని

చదువైన తరువాత డెట్ గారు టెనెస్సీలోని లేన్ కళాశాలలో, మిస్సోరిలోని లింకన్ సంస్థలో పనిచేశారు. 1911లో ఆయన పద్యాల పుస్తకం వచ్చింది. 1913లో దక్షిణాది నదీతీరపు పల్లపు భూములలోని జీవితం మీద కూర్చిన పియానో రచనల మాల వచ్చింది. దాని చివరి నాట్యాన్ని పెర్సీ గ్రేంజర్ వంటి పేరున్న పియానో విద్వాంసులు సభలలో వాయించారు. ఆ సంవత్సరమే ఆయన హాంప్టన్‌కు వెళ్ళారు. 1932 దాకా ఆయన పని అక్కడనే.

1914లో ఆయన రచించిన గాయకబృంద గీతం, గొర్రెపిల్లల రోదన వినుమని పిలిచే గీతం, ఆయన పద్ధతికి మంచి ఉదాహరణ. మొదట ఒక స్పిరిచ్యువల్‌ను తీసుకొన్నారు. దానిని పలు గొంతుకల గాయకబృందానికి పెద్ద ఆలయగీతంగా మలిచారు. మధ్యలో ఒంటరి స్త్రీ కంఠం చేత యెషయా 40వ అధ్యాయంలోని కాపరి వాగ్దానాన్ని పాడించారు. ఆ వాగ్దానం తరువాత పాట మళ్ళీ మొదటి రోదనకే తిరిగివస్తుంది. ఓదార్పు వచ్చింది గనుక ఏడుపు తుడిచేయలేదు. ఏడుపునూ ఓదార్పునూ ఒకే పాటలో నిలిపారు. నవ్వుకోవడానికి వచ్చిన శ్రోతకు అక్కడ నవ్వడానికి చోటు లేదు.

1920లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆయన వ్రాసిన వ్యాసానికి అక్కడి బౌడన్ బహుమానం వచ్చింది. దాని పేరు నీగ్రో సంగీత విమోచనం. నీగ్రో అన్నది ఆ కాలంలో వారు తమను గౌరవంగా పిలుచుకొన్న మాట. ఆ పేరులోనే వాదమంతా ఉన్నదని మేము తలుస్తాము. మనుష్యులకు 1865లో విడుదల వచ్చింది. వారి పాటకు ఇంకా రాలేదు. వెక్కిరింపు నుండి, నిర్లక్ష్యం నుండి దానిని విడిపించాలి. ఈ జానపద నిధిని ఊరకనే దాచుకొంటే ప్రయోజనం లేదనీ, దానినుండి పెద్ద గాయకబృందాలకు, వాద్యబృందాలకు తగిన రచనలు పుట్టాలనీ ఆయన పలుమార్లు చెప్పారు.

1927లో హాంప్టన్‌లో పాడే పాటలను ఒక పుస్తకంగా కూర్చారు. అందులో ఆయన చేసిన ఒక చిన్న పని మాకు చాలా పెద్దదిగా తోచింది. పాటలను ఆలయంలో వాడే కీర్తనల పుస్తకం వరుసలో, విషయాల వారీగా అమర్చారు: హెచ్చరిక కీర్తనలు, ఆకాంక్ష కీర్తనలు, బైబిలు కథల కీర్తనలు అని. ఇవి తోటపనివారి వింత పాటలు కావు, సంఘపు కీర్తనలు అని ఒక వాదం చేయకుండానే, విషయసూచికతోనే నిరూపించారు. డ్రమండ్‌విల్ ఆలయపు గడప బయట నిలిచిపోయిన పాట ఈ విధంగా లోపలికి వచ్చింది.

పాడము అన్నవారు

ఇంతవరకు వింటే కథ సుఖంగా ముగిసినట్లు ఉంటుంది. కాని పాడము అన్నవారు కూడా ఉన్నారు, వారిని వినకుండా తీర్పు చెప్పరాదు.

1909లో వాషింగ్టన్ నగరంలోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు దాసుల పాటలు పాడడానికి నిరాకరించారు. హాంప్టన్‌లో సంగతి ఇంకా తీవ్రమైంది. అక్కడి ఆగ్డెన్ హాలులో 1925లో జరిగిన ఒక నాట్య ప్రదర్శనలో, ఒక పత్రికా సంపాదకుని భార్య నల్లవారి ప్రక్కన కూర్చోవలసి వచ్చిందని గొడవ లేచింది. ఆ గొడవ పెరిగి, బహిరంగ సభలలో తెల్లవారిని, నల్లవారిని వేరుగా కూర్చోబెట్టాలని 1926లో వర్జీనియా రాష్ట్రం చట్టం చేసింది. అంటే నల్లవారి పాట వినడానికి ఇష్టమే, నల్లవారి ప్రక్కన కూర్చుని వినడానికి మాత్రం ఇష్టం లేదు. 1927 అక్టోబరులో హాంప్టన్ విద్యార్థులు సమ్మె చేశారు. తమను పెద్దవారిగా నమ్మకపోవడం, చదువు నాణ్యత వంటివి వారి ఫిర్యాదులు. ఆ దినాలలోనే ఆలయ ఆరాధనలో ఒక బ్రిటిష్ అతిథి కోసం పాత పాటలు పాడమన్నప్పుడు వారు నోరు విప్పలేదు.

ఆ మౌనాన్ని మేము తప్పు పట్టలేము. వారు పాటను ద్వేషించి మౌనంగా ఉన్నారని ఎందుకు అనుకోవాలి? తమ అమ్మమ్మ ప్రార్థనను అతిథి మర్యాదల పళ్ళెంలో పెట్టి అందించమంటే మనలో ఎవరు ఒప్పుకొంటారు? బబులోను ఒడ్డున సితారాలను చెట్లకు తగిలించినవారి వరుసలోనే వీరున్నారు.

వేరొక వైపునుండి కూడా డెట్ గారి మార్గానికి విమర్శ వచ్చింది. రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ ఒక బాప్టిస్టు బోధకుని కుమార్తె. సంఘాలలో, పొలాలలో పాటలు ఎలా పుడతాయో దగ్గరగా చూసి వ్రాసినది. 1934లో అచ్చయిన వ్యాసంలో ఆమె, సభావేదికల మీద పాడేవి నిజమైన స్పిరిచ్యువల్స్ కావని తేల్చి చెప్పింది. డెట్ గారి పేరును కూడా అక్కడ ప్రస్తావించింది. నిజమైన పాట ప్రతిసారి కొత్తగా పుడుతుంది; గొంతులు ఒకదానితో ఒకటి ఒరుసుకొంటాయి; ఈ ఆదివారం పాడినట్లు వచ్చే ఆదివారం పాడరు. దానిని కాగితం మీద కట్టివేసి, నున్నగా తుడిచి, సూటు తొడిగితే మంచి సంగీతం కావచ్చును గాని అది వేరే వస్తువు అని ఆమె వాదన సారాంశం.

ఈ విమర్శలో మనస్సును గుచ్చే ప్రశ్న ఒకటి దాగి ఉన్నది. అమ్మమ్మ పాట గౌరవం పొందాలంటే అది హెండెల్ వేసుకొన్న అంగీ ఎందుకు వేసుకోవాలి? ఆమె కూర్చున్న చోటనే, ఆమె పాడిన తీరుననే అది గొప్పది కాదా? యజమాని ఇంటి కొలతతో కొలిచి మనది కూడా సరిపోయిందని చూపించడంలో, ఆ కొలతనే మనము ఒప్పుకొన్నట్లు కాలేదా?

మాకు తోచిన తీర్పు

మేము ఈ వాదాన్ని చాలాసార్లు అటూ ఇటూ త్రిప్పి చూశాము. కొన్ని మాటలు స్పష్టంగా చెప్పగలమని అనుకొంటున్నాము.

మొదటిది: పాట ఎవరి యెదుట పాడామన్నదానికంటె, పాడాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయించారన్నది ముఖ్యం. 1927లో మౌనంగా ఉన్న విద్యార్థులు తామే నిర్ణయించుకొన్నారు. డెట్ గారు తన గీతాన్ని వ్రాసినప్పుడు ఏ గొంతు ఎక్కడ లేవాలో, ఎక్కడ ఆగాలో తానే నిర్ణయించారు. వీరిద్దరూ ఎదురెదురుగా ఉన్నట్లు కనిపించినా ఒకే పని చేశారు: పాట పగ్గాన్ని అడిగినవాని చేతిలోనుండి తీసుకొన్నారు. ఆజ్ఞకు లోబడి పాడడం ఒకటే చెర. కాబట్టి ఒకే పాటను ఒక దినం పాడకపోవడం, మరొక దినం పాడడం రెండూ ధర్మమే కావచ్చును.

రెండవది: పాట అర్థం తెలియకుండా దానికి అలంకారం చేయడం మోసం. డెట్ గారిని మేము సమర్థించడానికి కారణం ఆయన అలంకారం గొప్పది అని కాదు. అమ్మమ్మ గొంతు వినిపించిన తరువాతనే ఆయన కలం పట్టారు. ముందు ఆలకించాడు, తరువాత మార్చాడు. ఈ వరుస తలక్రిందులైతే, అంటే ముందు మార్చి తరువాత ఆలకిస్తే, లేక ఎన్నడూ ఆలకించకపోతే, హర్‌స్టన్ గారి విమర్శ పూర్తిగా నిజమౌతుంది.

మూడవది: కొత్త రూపం పాతదానిని చంపకూడదు. కుమార్తె తల్లిని పోలి ఉండవచ్చును గాని తల్లి కాదు. కుమార్తెకు మంచి చీర కట్టడం తప్పు కాదు. నలుగురు వచ్చినప్పుడు తల్లిని వంటింట్లో దాచడం తప్పు. డెట్ గారు ఒక చేతితో పెద్ద రచనలు చేస్తూ, మరొక చేతితో పాత పాటలను 1927 పుస్తకంలో భద్రపరిచారు. ఆ రెండవ చెయ్యి లేకపోతే మేము ఆయనను ఇంతగా మెచ్చుకొనేవారము కాము. అయినా హర్‌స్టన్ గారు చెప్పిన నష్టం నష్టమే. కాగితం మీదికి ఎక్కిన పాటలో ప్రతి ఆదివారం కొత్తగా పుట్టే గుణం పోతుంది. దానిని పుస్తకం తిరిగి ఇవ్వలేదు, సంఘం మాత్రమే ఇవ్వగలదు.

నాలుగవ మాట ఆ కీర్తన గురించే. సితారాలను తగిలించి, పాడము అన్నవారి సంగతి మనకెలా తెలిసింది? వారు ఆ నిరాకరణనే పాటగా కట్టారు గనుక. 137వ కీర్తన కూడా ఒక కీర్తనే. శత్రువు అడిగిన పాటను ఇవ్వలేదు, కాని బిడ్డలకు ఒక పాటను మిగిల్చారు. మౌనం కూడా బిడ్డలకు అందాలంటే దానికి ఒక రూపం కావాలి. అర్థం చెప్పని మౌనం మరుసటి తరానికి మరపు మాత్రమే.

తెగిపోయిన ప్రసారం

డెట్ గారి అతి పెద్ద రచన మోషే పిలుపును గురించినది. మండుచున్న పొద దగ్గరి పిలుపు నుండి ఎర్రసముద్రం దాటడం దాకా సాగే ఈ రచనకు, మోషేను ఐగుప్తుకు పంపే ప్రసిద్ధమైన స్పిరిచ్యువల్ ఆధారం. 1937 మే 7న సిన్సినాటి నగరంలోని మే ఉత్సవంలో, పెద్ద వాద్యబృందంతో, పెద్ద గాయకబృందంతో మొదటిసారి దీనిని పాడారు. ఎన్‌బీసీ రేడియో దేశమంతటికీ ప్రసారం చేసింది. నల్లజాతి సంగీతకర్త రచనకు ఆ దినాలలో అది మామూలు గౌరవం కాదు. అయితే రచన ముగియకముందే ప్రసారం నిలిచిపోయింది. ముందే నిర్ణయమైన కార్యక్రమాలు ఉన్నాయని కారణం చెప్పారు. నల్లవాని రచన ఏమిటని శ్రోతలు అభ్యంతరం చెప్పారేమోనని అనుమానించినవారు ఉన్నారు గాని దానికి రుజువు లేదు.

ఎర్రసముద్రం దాటిన జనం పాడే స్తుతితో ఆ రచన ముగుస్తుంది. హాలులో కూర్చున్నవారు ఆ స్తుతిని విన్నారు. రేడియో ముందు కూర్చున్న దేశం మాత్రం దాసుల మొర విని, విమోచన గీతం వినకుండానే లేచిపోయింది. 2014లో సిన్సినాటి సంగీతకారులే న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో దీనిని పూర్తిగా వినిపించారు. మధ్యలో 77 సంవత్సరాలు గడిచాయి.

గొప్పవారి సభలో పాడితే గౌరవం దక్కుతుందనే ఆశకు ఇది ఒక హెచ్చరిక. 1928లో హాంప్టన్ గాయకబృందాన్ని డెట్ గారు ఆ కార్నెగీ హాలులోనే పాడించారు. 1930లో దాదాపు 40 మందితో యూరపు దేశాలలో త్రిప్పారు. చప్పట్లు మ్రోగాయి. తిరిగి వచ్చిన రెండేళ్ళకే హాంప్టన్‌లో ఆయన ఉద్యోగం ముగిసింది. చప్పట్లు కొట్టినవాడు పాట తెగిపోయినప్పుడు అడ్డుపడతాడన్న పూచీ లేదు. పాట విలువ శ్రోత చప్పట్ల మీద ఆధారపడితే, ప్రసారం తెగిన రోజున ఆ విలువ కూడా తెగిపోవాలి. అది తెగలేదు. 1943లో ఆయన మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్‌లో, యుద్ధకాలపు స్త్రీ సైనికుల గాయకబృందానికి పాటలు నేర్పుతూ అక్టోబరు 2న చనిపోయారు. నది అవతల, పుట్టిన ఊరిలోనే ఆయనను సమాధి చేశారు. చిన్ననాటి ఆలయానికి 1983లో ఆయన పేరే పెట్టారు.

మన మాట

దాసత్వాన్ని మన వలసతో పోల్చడం న్యాయం కాదు. మన పెద్దలు గనులకు, మిల్లులకు, రైల్వేలకు, ఓడరేవులకు పని వెదుక్కొంటూ వచ్చారు. వారి కష్టం గొప్పదే గాని ఎవరూ వారిని సంతలో అమ్మలేదు. ఈ భేదాన్ని మరచిపోతే మనము ఇతరుల కన్నీళ్ళను దొంగిలించినవారమౌతాము.

అయినా డెట్ గారి బాల్యంలోని ఒక సంగతి మన సంఘాలకు దగ్గరగా ఉన్నది. కన్నడ దేశంలో, తమిళ దేశంలో, ఒడిశాలో, మహారాష్ట్రలో మూడు నాలుగు తరాలుగా ఉన్న మన ఇండ్లలో, తెలుగు కీర్తనను ఇతర లిపిలో వ్రాసుకొని పాడే బిడ్డలు ఉన్నారు. మన కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన అచ్చయిన రాగం, తాళం పేర్లు వారికి ఊరకనే కనబడే అక్షరాలు. నాయనమ్మ తలవాకిట కూర్చుని పాడుకొనే పాట వారికి వింతగా తోచవచ్చు. దానికి వారిని గద్దించి ప్రయోజనం లేదు. డెట్ గారికి కూడా అలాగే తోచింది.

డబ్ల్యు. ఇ. బి. డుబోయిస్ 1903లో అచ్చువేసిన పుస్తకంలో ఒక సంగతి వ్రాశాడు. ఆఫ్రికా నుండి పట్టి తెచ్చిన తన పూర్వీకురాలు ఒకామె ఒక పాట పాడేదట. ఆ మాటల అర్థం ఆమె మనుమలకు తెలియదు. అయినా తరం వెంబడి తరం బిడ్డలకు నేర్పుతూ, ఇంచుమించు 200 సంవత్సరాలు దానిని నిలుపుకొన్నారు. మాట అర్థం పోయినా, పాట ఎందుకు పాడుతున్నామో వారికి తెలుసు.

మన బిడ్డలకు ఈ కాలపు వాద్యాలు కావాలంటే, పాత కీర్తనకు కొత్త బాణీ కావాలంటే, కాదనడానికి మాకు నోరు రాదు. ఒక్క షరతు మాత్రం అడుగుదాము. మార్చడానికి ముందు, ఆ పాట తెలిసిన పెద్దమ్మ దగ్గరకో తాతయ్య దగ్గరకో వెళ్ళి, దానిని వారు మొదట ఎక్కడ పాడారో, ఏ కష్టంలో పాడారో అడిగి తెలుసుకోమందాము. పెద్దలు కూడా, నీకేమి తెలుస్తుందిలే అని కసరక, చెప్పవలసినది చెప్పాలి. అడిగేవారు, చెప్పేవారు ఇద్దరూ ఉన్న ఇంట్లో పాట ఏ అంగీ తొడుక్కున్నా దాని ఊపిరి పోదు.